ఇడ్లీ రవ్వ మీద వేసిన స్కీ లెక్క

ఆ రోజుల్లో నాకొక నమ్మకం ఉండేది: మనిషికొచ్చే చిక్కులన్నీ లెక్క సరిగ్గా వేయకపోవడం వల్లే వస్తాయని. బడిలో నాకు లెక్కలు రాలేదు. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో ఒక హాస్పిటల్ స్టోర్స్‌లో గ్లవ్స్ పెట్టెలు సర్దుతూ, ఏ అరలో ఎన్ని పడతాయో చూసుకుంటూ సొంతంగా నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడు ఆ విద్యను అవసరం లేని చోట కూడా వాడతాడు (ఈ జబ్బుకు ఇక్కడి జీపీ డాక్టరు దగ్గర మందు లేదు).

ఆ చలికాలం పాస్టర్ అంకుల్ మా తెలుగు చర్చివాళ్ళను ఒక శనివారం స్కాట్లాండ్ కొండల మీదికి స్కీయింగ్‌కు తీసుకెళ్తానన్నారు. మా హాస్పిటల్లోనే పనిచేసే తెనాలి నర్సు కూడా వస్తోంది. ఊరి చివర మంచుకు బదులు ప్లాస్టిక్ పరిచిన వాలు మీద మేమిద్దరం స్కీయింగ్ కలిసే నేర్చుకున్నాం (కలిసే పడ్డాం అనడం నిజం). ఆమెకు షెఫీల్డ్‌లో ఉద్యోగం వచ్చింది, సోమవారం లోపల జవాబు చెప్పాలి. వెళ్ళొద్దని, నన్ను పెళ్ళి చేసుకోమని అడగాలని నా ఆశ. కొండపైకి తీగకు వేలాడే కుర్చీల్లో ఇద్దరేసి కూర్చుని వెళ్ళే లిఫ్ట్ ఉందట. బస్సు నిండా చెవులే కాబట్టి, అడగడానికి అంతకన్నా మంచి చోటు నాకు తోచలేదు.

ఇంతలో కాళ్ళకు కట్టుకునే స్కీ పలకల్లో ఏవి కావాలో ముందే చెప్పమన్నారు అద్దెకిచ్చేవాళ్ళు. మెత్తటి కొత్త మంచులో దిగబడకుండా తేలే వెడల్పాటి పౌడర్ స్కీలా, ఎలాంటి మంచుకైనా సర్దుకుపోయే ఆల్‌మౌంటెన్ స్కీలా? ఆమె వెంటనే రెండోవి అనేసింది. నేను వారం ఆలోచించాను. నా బరువును స్కీల వైశాల్యంతో భాగించాను. అయినా అనుమానం తీరక, పళ్ళెం నిండా ఇడ్లీ రవ్వ పోసి, ఒకసారి అట్లకాడతో, ఒకసారి చెంచా కాడతో నొక్కి చూశాను. చెంచా కాడ అడుగుదాకా దిగింది. అట్లకాడ పైనే నిలిచింది. "బ్రదర్, ఆ రవ్వ రేపటి టిఫిన్‌కి. నీ ప్రేమకి కాదు," అన్నాడు మా రూమ్మేట్. నేను వెడల్పువే ఖాయం చేశాను.

తీరా చూస్తే కొండ మీది మంచు వానకు తడిసి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి గాజులా మెరుస్తోంది. అక్కడక్కడా గడ్డి. నా వెడల్పు స్కీల అంచు ఆ గడ్డ మీద పట్టనే పట్టదు. లిఫ్ట్ దగ్గరికి చిన్న వాలు దిగాలి. దిగిన ప్రతిసారీ నేను లిఫ్ట్‌ను దాటిపోయి, అవతలి కంచెను కౌగిలించుకున్నాను. ఆమె ఆగి చూసింది. లిఫ్ట్ మాత్రం ఎవరి కోసం ఆగుతుంది? నేను కూర్చోవలసిన చోట పాస్టర్ అంకుల్ కూర్చుని, నాకు చేయి ఊపుతూ ఆమెతో పైకి వెళ్ళిపోయారు.

దిగి వచ్చాక ఆమె నన్ను కంచె నుంచి విడదీస్తూ, "మీ రూమ్మేట్ చెప్పాడు, రవ్వ మీద నొక్కి చూశారంట కదా! ఇది రవ్వ కాదండీ బాబూ, ఫ్రిజ్‌లో పెట్టిన నిన్నటి ఇడ్లీ!" అని పగలబడి నవ్వింది. ఆ నవ్వు దగ్గరైనా అడిగి ఉండాల్సింది. నేను మంచు గట్టిదనం గురించి మాట్లాడాను.

తిరుగు బస్సులో తనే వచ్చి నా పక్కన కూర్చుంది. అందరూ గొంతెత్తి పాటలు పాడుతున్నారు, మా మాట ఎవరికీ వినబడదు. "షెఫీల్డ్ వెళ్ళమంటారా, వద్దంటారా? మీరే చెప్పండి," అంది. "రెండిట్లోనూ లాభనష్టాలున్నాయండీ. కాస్త టైమివ్వండి, లెక్క చూసి చెప్తాను," అన్నాను.

ఆమె "అక్కర్లేదులెండి," అని, కిటికీ వైపు తిరిగి తనూ పాట అందుకుంది. సోమవారం షెఫీల్డ్‌కు సరే అని చెప్పేసింది.

ఇన్నేళ్ళ తర్వాత మొన్న మా అక్క కూతురితో స్కీల షాపుకు వెళ్ళాను. ఆ పిల్లకు 'మామయ్యా' తప్ప మిగతాదంతా ఇంగ్లీషే. "మామయ్యా, విచ్ వన్?" అంది. "ఆల్‌మౌంటెన్," అన్నాను ఊపిరి తీసుకోకుండా. నాకే ఆశ్చర్యం వేసింది. షాపు అద్దంలో, తల నెరిసిన నా వెనకాల, కంచె పట్టుకుని వేలాడుతున్న కుర్రాడొకడు కనిపించినట్టయింది. పాస్టర్ అంకుల్‌లాగే చేయి ఊపాను.

"మామయ్యా, హూ ఆర్ యూ వేవింగ్ ఎట్?"

"తెలిసినవాడేనమ్మా," అన్నాను. "ఇంకా లెక్క చూస్తున్నాడు."