చిరుబురు డాక్టరు బకెట్

ఎక్స్‌రే సెంటర్‌లో ఆవిడను అందరూ ఫిలిమక్క అనేవారు. చీకటిగదిలో ఫిలిములు కడిగే రోజుల్లో చేరిందావిడ. ఫిలిములు పోయి కంప్యూటర్లు వచ్చినా ఆ పిలుపు పోలేదు. ఎక్స్‌రేలన్నీ క్లౌడ్‌లో దాచాలనుకున్నప్పుడు ఆ పనీ ఆవిడ నెత్తినే పడింది.

ముందు క్లౌడ్‌లో వాటిని ఉంచే చోటుకు, అంటే ‘బకెట్‌’కు, ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెట్టాలి. సెంటర్ పేరు పెద్దక్షరాల్లో కొట్టింది. చిన్నక్షరాలే ఉండాలంది కంప్యూటర్. మాటల మధ్య ఖాళీ వదిలితే కుదరదంది. కింద గీత వద్దు, అడ్డగీతైతే సరేనంది. అన్నీ దిద్ది కొడితే, ఆ పేరు ప్రపంచంలో ఇంకెవరో ఎప్పుడో తీసేసుకున్నారట. ఆ పొద్దున్నే సెంటర్ నడిపే డాక్టరుగారు ఆవిడను పేషెంట్ల ముందు కసురుకున్నారు. ఆ మంటలో ‘చిరుబురు-డాక్టర్’ అని కొట్టేసింది. కంప్యూటర్ కిక్కురుమనకుండా ఒప్పుకుంది. తర్వాత మార్చుకోవచ్చులే అనుకుని పనిలో పడిపోయింది.

పేషెంట్లకు పంపే ప్రతి లింకులోనూ ఆ బకెట్ పేరు కనిపిస్తుంది. కొన్ని వారాల తర్వాత ఒక పెద్దావిడ ఫోన్‌లో తన మోకాలి ఎక్స్‌రే లింకు పట్టుకుని డాక్టరుగారి గదిలోకి వచ్చింది.

“మా మనవరాలు ఇది చదివి ఒకటే నవ్వు. మీరేనా బాబూ ఈ చిరుబురు డాక్టరు?”

ఆవిడ వెళ్లాక ఆయన ఫిలిమక్కను పిలిచారు.

“ఎవరు పెట్టారిది?”

“నేనేనండి.”

“మార్చెయ్యండి.”

“ఒకసారి పెట్టాక మార్చడం కుదరదటండి. ఇంకో బకెట్ తెరిచి అన్నీ అందులోకి ఎక్కించాలి.”

“సరే. ఎక్కించేసి దీన్ని తీసిపారెయ్యండి.”

“తీసేస్తే ఆ పేరు ఇంకెవరైనా తీసుకోవచ్చండి. మన పేషెంట్లు పాత లింకు నొక్కితే వాళ్ల దగ్గరికి పోతారు. ఖాళీ చేసైనా మన దగ్గరే ఉంచుకోవాలి.”

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. “ఇలా పెట్టారంటే ఆరోజు మిమ్మల్ని ఏదో అనే ఉంటాను. ఏమన్నాను?”

“చేతకాకపోతే ఇంట్లో కూర్చోమన్నారండి.”

ఆయనకది గుర్తే లేదు. “అలా అనాల్సింది కాదు,” అన్నారు.

“నేనూ అలా పెట్టాల్సింది కాదండి.”

“ప్రపంచం మొత్తంలో ఈ పేరు ఇంకెవరికీ లేదా?”

“లేదండి. కొట్టగానే ఇచ్చేసింది.”

నవ్వాపుకోవడం ఇద్దరివల్లా కాలేదు.

ఆ సాయంత్రం కొత్త పేరు ఇద్దరూ కూర్చుని ఎంచుకున్నారు. సెంటర్ పేరుకు వీధి పేరు కలిపితే దొరికింది. ఆవిడ నొక్కబోతుంటే ఆయన ఆగమని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివారు. ఎక్స్‌రేలు ఎక్కుతున్నన్నాళ్లూ ఫిలిమక్క పేషెంట్లకు ఫోన్లు చేసి కొత్త లింకులు పంపింది. మోకాలి పెద్దావిడకు మాత్రం డాక్టరుగారే ఫోన్ చేశారు.