నిదానమ్మ కట్టిన ధర

పాత సామాన్ల వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరికీ నిదానమ్మే. ఆమె కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో, కుర్చీనో బీరువానో బండి మీంచి దించకముందే మామగారు ధర చెప్పేసేవారు. ఆమెకు ఆ వేగం పట్టుబడలేదు. "కొన్నాళ్లు మేడమీద ఉండనివ్వండి, చెప్తాను" అనేది. కొట్టు పైనున్న రెండు గదుల్లోనే వాళ్ల కాపురం. బేరానికి వచ్చిన ప్రతి వస్తువూ ముందు ఆ గదుల్లో మకాం వేసేది. కుర్చీ అయితే అందులో కూర్చుని బొత్తాలు కుట్టుకునేది. అద్దమైతే దాని ముందు తల దువ్వుకునేది. మంచమైతే ఇక చెప్పక్కర్లేదు, హాయిగా నిద్రపోయేది. లేచాక, మత్తు వదలని గొంతుతో దాని వయసూ ధరా చెప్పేది. భర్త మొదట్లో విసుక్కున్నాడు. ఆమె కట్టిన ధరకు సామాను ఇట్టే అమ్ముడుపోతుంటే, తర్వాత తర్వాత తొందరపెట్టడం మానేశాడు.

ఒక వానాకాలం ఉదయం అక్కచెల్లెళ్లు ఇద్దరు తోపుడుబండి మీద ఒక గుండ్రబల్లను తీసుకొచ్చారు. అక్క టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయింది. చెల్లెలు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతుంది. ఇద్దరూ పెళ్లి ఊసెత్తకుండా ఒకరికొకరుగా బతికినవాళ్లు. ఉన్న ఇల్లు ఖాళీ చేసి ఒంటిగదిలోకి మారబోతున్నారు.

"ఇది ఆ గదిలో పెడితే మేం వీధిలో పడుకోవాలి" అంది చెల్లెలు. "గుమ్మం దాటించేసరికే ప్రాణాలు పోయాయనుకోండి. ఎంతొస్తే అంతకిచ్చేస్తాం."

అక్క బల్ల మీద పడ్డ చినుకుల్ని కొంగుతో తుడుస్తూ నిలబడింది.

బల్ల పైనుంచి కాళ్ల దాకా ఆకుపచ్చ రంగు. దాని కింద ఇంకో ఆకుపచ్చ, దాని కింద మరొకటి. షాపాయన, అంటే నిదానమ్మ భర్త, పెదవి విరిచాడు. "కట్టెల రేటుకి పోతుంది."

"ఉండనివ్వండి" అంది నిదానమ్మ.

బల్ల మేడెక్కింది. దాని మీద భార్యాభర్తలు అన్నం తిన్నారు. మధ్యాహ్నాలు ఆమె దాని మీద మోచేతులానించి, చూరు నుంచి కారే నీళ్లను చూస్తూ కూర్చుంది. ఒకరోజు దానికి గుడ్డ కుడదామని దారంతో కొలిచింది. చెక్క చారల వెంబడి కొలిచిన దారం, అడ్డంగా పెట్టేసరికి వేలెడు మిగిలిపోయింది. మళ్లీ కొలిచింది. మళ్లీ అంతే.

"ఏమండీ, ఇది గుండ్రంగా లేదు."

"కళ్లజోడు పెట్టుకో."

"పెట్టుకునే చెప్తున్నా. చెక్క చారలకి అడ్డంగానే కుంచించుకుపోతుంది కదా. ఇంత తేడా రావాలంటే చాలా ఏళ్లు పడుతుంది."

ఆ మధ్యాహ్నం ఆమె బల్ల కిందే చాప పరుచుకుంది. వాన సన్నగా పడుతోంది. నేల చల్లగా ఉంది. కళ్లు మూతలు పడుతూ తెరుచుకుంటూ ఉన్నాయి. పైన బల్ల అడుగుభాగం ఆకుపచ్చని మబ్బులా కనిపించింది. ఆ మబ్బులో ఒకచోట రెక్కలు చాపిన సీతాకోకచిలుక ఆకారం ఉబ్బెత్తుగా తేలింది. నిద్రలో చూస్తున్నానేమో అనుకుంది. చెయ్యి చాపి తడిమింది. ఇనుము. కాస్త అవతల ఇంకొకటి తగిలింది.

చెంచా కాడతో రంగు గీకింది. చేత్తో కొట్టిన పాతకాలపు తలుపుబందులు. వాటి స్క్రూల తలల మీద గాట్లు ఒక్కటీ నడిమధ్యన లేవు, ఒకదానిలా ఇంకొకటి లేదు. ఆకురాయి పట్టి ఎవరో ఓపిగ్గా కోసినవి. ఇంకా గీకితే, బల్ల పైచెక్క ఒక్కటి కాదు, మూడు ముక్కలు: మధ్యలో సన్నటి పలక, చెరో పక్కా అర్ధచంద్రం లాంటి రెక్క. రెక్కల్ని మోసే కాళ్లు తలుపుల్లా లోపలికి తిరగాలి. తిరగకుండా ఎవరో వాటికి పెద్ద పెద్ద మేకులు దిగ్గొట్టి, పైన రంగు పూసేశారు.

కబురందుకుని అక్కచెల్లెళ్లు వచ్చేసరికి షాపాయన మేకులు పీకి ఉంచాడు. నిదానమ్మ ఒక కాలిని మెల్లగా లోపలికి తోసింది. కిర్రుమంటూ కాలు తిరిగింది, రెక్క వాలింది. రెండోదీ వాలింది. అంత బల్లా జానెడు మందాన గోడకి ఒదిగిపోయింది.

"అమ్మో! ఇది మడతబల్లా?" చెల్లెలు నోరు తెరిచింది. "ఇన్నేళ్లు దీని మీదే తిన్నాం కదే అక్కా!"

అక్క మంచం అంచు మీద కూలబడింది. "నేను చెప్పేదాన్ని కదా" అంది. "మన బల్ల తలుపులా సన్నబడి గోడ పక్కన నిలబడేదని, ఆ ఖాళీలో అమ్మ పక్క వేసేదని. కల కన్నావు, పడుకోమనేవారు అందరూ. నువ్వూ నవ్వేదానివి."

"మరి మేకులెవరు కొట్టారు?"

అక్క చెల్లెలి ఎడమచెయ్యి పట్టుకుని, చిటికెన వేలి గోరు చూపించింది. అది మధ్యకి చీలి ఉంటుంది. "తలుపు సందులో పడిందన్నారు నీకు. నాకు గుర్తొస్తోంది ఇప్పుడు, నలిగింది ఈ రెక్క సందులో. అప్పుడే నడక నేర్చిన దానివి. నాన్న సుత్తి పట్టుకుని ఏడుస్తూ మేకులు కొట్టారు."

చెల్లెలు ఆ వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కళ్లు తుడుచుకుని, "సరే, ధర చెప్పండమ్మా" అంది.

"మీ నాన్నగారి చిన్నతనం నాటిదే అయ్యుంటుంది, ఇంకా పాతదైనా ఆశ్చర్యం లేదు" అంది నిదానమ్మ. "మేకుల బొక్కల వల్ల విలువ కొంత తగ్గింది. అయినా మీ కొత్త గదికి నాలుగు నెలల అద్దె ఖాయంగా వస్తుంది. రంగు మాత్రం గీకించకండి, పాత చెక్క పైమెరుగు దాంతోపాటే పోతుంది."

చెల్లెలు అక్కవైపు చూసింది. అక్క బల్లవైపు చూస్తోంది.

"నాలుగు నెలలే కదా" అంది చెల్లెలు. "బండివాణ్ణి పిలవండి, ఇంటికి తీసుకెళ్తాం."

షాపాయన ఆ పూటంతా సణుగుతూనే ఉన్నాడు. నిదానమ్మ వినిపించుకోలేదు.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం ఆమె వాళ్ల వాటాకి వెళ్లింది, ఊరికే చూసొద్దామని. తలుపు ఓరగా ఉంది. గదిలో ఆకుపచ్చ బల్ల గోడకి ఆనుకుని సన్నగా నిలబడి ఉంది. దాని ముందు నేల మీద, కిటికీ వెలుగు పడేచోట, అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే చాప మీద గాఢనిద్రలో ఉన్నారు. లేపబుద్ధి కాలేదు. మెట్ల మీద కూర్చుని, వాళ్లు లేచేదాకా చల్లగాలికి తనూ ఓ కునుకు తీసింది.