ఎనుము తోక పట్టుకొని పరీక్షకు

ఆ రోజుల్లో మా అనంతపురం జిల్లాలో వసంతం తెలుగు వాచకంలో తప్ప బయట కనిపించేది కాదు. శివరాత్రి వెళ్లీ వెళ్లకముందే ఎండ నెత్తికెక్కేది. మామిడి చిగుళ్లు, కోయిల కూతలు, పిల్లగాలులు అని నేను బోర్డు మీద రాస్తుంటే పిల్లలు నా వైపు జాలిగా చూసేవాళ్లు. ("సార్, ఇవన్నీ యాడుంటాయి సార్?" అని ఒకడు అడిగితే, "పుస్తకంలో" అని చెప్పి కూర్చోబెట్టాను. అబద్ధమైతే చెప్పలేదు.) అప్పటికి నాకు ఇరవైమూడేళ్లు. ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగి, నల్లమాడ వైపు ఒక పల్లె హైస్కూల్లో తెలుగు పంతులుగా చేరి ఏడాది కూడా కాలేదు. లోకంలో నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం ఉన్న వయసు అది. నీళ్ల సంగతి మాత్రం నిజంగానే తెలియదు. మా వైపు నీళ్లంటే బిందెలో ఉండేవి, లేకపోతే బావి అడుగున ఉండేవి. పరుగెత్తే నీళ్లను నేను దగ్గర్నుంచి చూసిందే లేదు.

అలాంటి సీమలో ఆ యేడు పరీక్షల ముందు ముసురు పట్టింది. పట్టిందంటే పన్నెండు రోజులు వదల్లేదు. మొదటి రెండు రోజులు ఊరంతా వీధుల్లో నిలబడి నవ్వుతూ తడిసింది. అయిదో రోజుకి నవ్వులు ఆగాయి. ఎనిమిదో రోజుకి మట్టి మిద్దెలు కారడం మొదలయ్యాయి. నేను అద్దెకున్న ఇంటి పెద్దాయన ఆకాశం వైపు చూసి, "ఏమప్పా, పిలిచినప్పుడు రావు, వచ్చినావంటే పోవు!" అని దేవుణ్ణి ఎదుటి మనిషిని నిలదీసినట్టే నిలదీశాడు. నా రెండు ప్యాంట్లలో ఒకటి ఆరలేదు, రెండోది బూజు పట్టింది. పదమూడో రోజు తెల్లారేసరికి ఒక్కసారిగా తెరిపి ఇచ్చింది. సరిగ్గా ఆ రోజే పదో తరగతి పబ్లిక్ పరీక్ష. మొదటి పేపరు నాదే, తెలుగు.

మా హెడ్మాస్టరును అందరం గడియారం సారు అనేవాళ్లం (ఆయన ఎదుట కాదు). ఆయన నిమిషానికోసారి చేతి గడియారం చూసుకునేవారు, బడిగోడ మీది గడియారాన్ని దానితో సరిదిద్దేవారు. ప్రశ్నపత్రాలు ఆరు మైళ్ల దూరంలో పోలీసు స్టేషన్లో ఉంటాయి. వాటిని తెచ్చే పని నాకు అప్పగిస్తూ ముందు రోజు ఆయన ఒకే మాట చెప్పారు. "పెట్టె మీద నుంచి చెయ్యి తీసినావంటే, ఉద్యోగం మీద ఆశ కూడా తీసేసుకో." నేను ఆ రాత్రి స్టేషన్ పక్కనే పడుకొని, పొద్దున్నే సంతకం చేసి పెట్టె తీసుకున్నాను. లక్క ముద్రలు వేసిన కట్టలున్న రేకు పెట్టె అది. నాకు తోడుగా ఒక కానిస్టేబులును పంపారు. మనిషి ఆరడుగులు, మీసాలు చెవుల దాకా. ఆయన్ని చూడగానే ఈ జిల్లాలో ఇక నన్ను ఆపేవాడు లేడనిపించింది.

జీపు మమ్మల్ని ఊరి బయట వంక దగ్గర దించి, ఇంకో బడికి పేపర్లు అందించాలని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అప్పటికి ఎనిమిదీ ఇరవై. పరీక్ష తొమ్మిదిన్నరకు. ఏడాది పొడుగునా ఇసుక తప్ప మరేమీ ఉండని వంక, ముందు రోజు నేను దాటినప్పుడు పాదాలు మాత్రమే తడిపిన ఆ వంక, రాత్రి ఎగువన కురిసిన వానకు ఆ పొద్దున గట్టు నుంచి గట్టు దాకా ఎర్రగా, సుళ్లు తిరుగుతూ పారుతోంది. వంతెన లేదు. ఇసుక మీద వంతెన ఎందుకని ఎవరూ కట్టలేదు, మేమూ అడగలేదు.

ఆ రోజు ఎంత అందమైన రోజో నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలిసి రాలేదు. ఆకాశం అప్పుడే ఉతికి నీలిమందు పెట్టినట్టుంది. బోడి గుట్టల మీద కూడా పచ్చిక మొలిచింది, తంగేళ్లు విరబూశాయి, ఎక్కడో కోయిల కూడా కూసింది. ఎండ ఒంటికి హాయిగా తగులుతోంది. నేను బోర్డు మీద రాసినవన్నీ వచ్చి నా చుట్టూ నిలబడితే, నేను మాత్రం పెట్టెను కౌగిలించుకొని వంకనే చూస్తున్నాను. అవతలి గట్టున పరీక్ష రాయాల్సిన నలభై ఇద్దరు పిల్లలూ, సగం ఊరూ చేరారు. వాళ్ల ముందు గడియారం సారు. ఆయన అరుస్తున్నది నీళ్ల హోరులో వినబడటం లేదు కానీ, ఎడమ చెయ్యి పైకెత్తి కుడిచేత్తో గడియారాన్ని పొడిచి పొడిచి చూపించడం మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. గట్టున ఉన్న మగవాళ్లంతా చేతులూపుతూ తలో సలహా ఇస్తున్నారు. దిగినవాడు ఒక్కడూ లేడు. ఈత ఎవరికి వచ్చు మా సీమలో!

"మీరు దిగండన్నా, మీరు పొడుగు కదా" అన్నాను కానిస్టేబులుతో.

ఆయన మీసం తడుముకొని, "నాకు కాపలా డ్యూటీ యేసినారు సార్. నీళ్ల డ్యూటీ యేయలేదు" అన్నాడు.

తొమ్మిది కావస్తోంది. నలభై ఇద్దరి సంవత్సరం నా చంకలో ఉందన్న సంగతి అప్పుడు తట్టింది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఒక అవ్వ ఎనుమును తోలుకొని వచ్చింది (మా వైపు బర్రెను అలాగే అంటాం). వానలకు మొలిచిన కొత్త గడ్డి మేపడానికి తెల్లవారుజామునే ఇటు దాటి వచ్చిందట. ఇప్పుడు ఇంటికి పోతోంది.

"ఏమప్పా అయివారూ, ఆడబిడ్డను అత్తగారింటికి పంపుతాండావా, పెట్టెను అట్ల పట్టుకోనుండావు?"

చెప్పాను. వీలైనంత గ్రాంథికంగా చెప్పాను. ఆమె పూర్తిగా వినలేదు.

"పెట్టె నెత్తిన పెట్టుకో. ఒక చేత్తో దీని తోక పట్టుకో. దీని దూడ ఆ గట్టున ఉండాది, ఆపినా ఆగదు. రొమ్ముల దాకా వస్తాయి నీళ్లు, అంతే."

"అవ్వా, పెట్టె తడిస్తే..."

"నువ్వు మునిగితే గదా అది తడిసేది!"

దిగాము. ముందు అవ్వ తాడు పట్టుకొని, తర్వాత ఎనుము, దాని తోక పట్టుకొని నేను, నా బెల్టు పట్టుకొని కానిస్టేబులు. ఆయన బూట్లు రెండూ ముడేసి మెడలో వేసుకున్నాడు, రెండో చేత్తో నా నెత్తి మీది పెట్టెకు ఆనిక ఇచ్చాడు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చినప్పుడు చల్లగా ఉన్నాయనుకున్నాను. నడుం దాకా వచ్చాక ఇక ఏమీ అనుకోలేదు. కాళ్ల కింద ఇసుక కరిగిపోతోంది. వెనక నుంచి కానిస్టేబులు ఆంజనేయ దండకం చదువుతున్నాడు, మధ్యలో తప్పు పోతే మళ్లీ మొదటి నుంచి అందుకుంటున్నాడు.

నట్టనడుమ ఎనుము ఆగింది.

అవ్వ లాగింది. కదల్లేదు. దానికి ఆ చల్లని నీళ్లు, ఆ లేత ఎండ నచ్చాయి. హాయిగా ఒక నిట్టూర్పు విడిచి మెల్లగా పడుకోవడం మొదలుపెట్టింది. తోకతో పాటు నేనూ వంగుతున్నాను. నాతో పాటు పెట్టె వాలుతోంది. "సార్, పెట్టె! సార్, పెట్టె!" అని కానిస్టేబులు నా చెవిలో అరుస్తున్నాడు, పెట్టె ఎవరిదో నాకు తెలియనట్టు.

"ఓ పిల్లోల్లారా! దూడ మాదిరి అరవండ్రా! ఆ దూడ ముండ గడ్డి మేస్తాంది, అది అరవదు. మీరన్నా అరవండి!" అని అవ్వ కేక పెట్టింది.

పిల్లలు నా వైపు చూశారు. వాళ్లకు సందేహం. తెలుగు సారు ఎదుట, హెడ్మాస్టరు పక్కన, పరీక్షకు ముందు దూడలా అరవొచ్చా? "అరవండ్రా! ఇట్ల!" అని, నెత్తిన పెట్టెతో, ఊరందరి ముందూ గొంతెత్తి "అంబా!" అన్నాను.

అవ్వ వెనక్కి తిరిగి, "అది ఆవుదూడ కూత అయివారూ, ఎనుముకేం తెలుస్తాది!" అంది విసుగ్గా.

గట్టంతా గొల్లుమంది. అయితే ఆ నవ్వుతో పిల్లల జంకు పోయింది. నలభై ఇద్దరూ, నాలాగా పుస్తకం చదివి కాకుండా పశువుల మధ్య పెరిగినవాళ్లు కాబట్టి, ముక్కులతో, గొంతులతో, కడుపులోంచి దూడ కూత కూశారు. ఎనుము చెవులు నిలబెట్టింది. మరుక్షణం లేచి ఎలా దూకిందంటే, మిగతా వంకను నేను నడిచి దాటానో, వేలాడుతూ దాటానో ఇప్పటికీ చెప్పలేను. గట్టు మీద మోకాళ్ల మీద పడ్డాను. పెట్టె మీద నుంచి చెయ్యి మాత్రం తీయలేదు. గడియారం సారు ముందు లక్క ముద్రలు చూశారు, తర్వాత గడియారం చూశారు, చివరికి నన్ను చూశారు. "పరిగెత్తు" అన్నారు.

పరీక్ష అయిదు నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. ఆ అయిదు నిమిషాలకు కారణం పైవాళ్లకు రాసిమ్మన్నారు. నేను తడి ప్యాంటుతోనే కూర్చొని, అందమైన దస్తూరితో, "వంకలో ప్రవాహము అధికముగా నున్నను, తగు జాగ్రత్తలతో ప్రశ్నపత్రములను స్వయముగా దాటించితిని" అని రాశాను. స్వయముగా అన్న మాట కింద గీత కూడా గీసినట్టు గుర్తు.

పరీక్షలయ్యాక, ఆకూ వక్కా కొనుక్కొని అవ్వ ఇంటికి వెళ్లాను. అప్పటికి వంక మళ్లీ ఇసుకే. అవ్వ పేడ తట్ట దించి చేతులు కడుక్కొని, "పైవాళ్లకు కాగితం రాసినావంట. నా ఎనుము సంగతి రాసినావా?" అని అడిగింది.

"రాసినానవ్వా" అన్నాను.

"పేరు రాసినావా?"

"పేరు తెలీదు గదవ్వా."

"లచ్చుమి. ఈసారి రాయి" అంది. అని, ఆకూ వక్కా తీసుకొని లోపలికి వెళ్లింది.

లచ్చుమి అని రాస్తే తప్పవుతుందా, లక్ష్మి అని దిద్దితే ఎనుముకు అన్యాయం చేసినట్టవుతుందా అని తెగ ఆలోచిస్తూ ఆ సాయంత్రం ఆ కుర్ర పంతులు ఇంటికి నడిచాడు. రాయలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎన్నో కాగితాలు రాశాడు, దేంట్లోనూ ఆ పేరుకు చోటు దొరకలేదు. ఇప్పుడు వాణ్ణి తలుచుకుంటే కోపం రాదు, కాస్త నవ్వొస్తుంది. అవ్వ చెప్పిన పేరు చెప్పినట్టే, లచ్చుమి అని, ఇన్నాళ్లకు రాశాను.