510511 తర్వాత ఏముంది?

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సులో ఆదిలక్ష్మి కండక్టరు. ఇంటర్లో లెక్కల్లో కాలేజీకే ఫస్టు వచ్చింది. తండ్రి పోవడంతో డిగ్రీ మధ్యలో మానేసి 1998లో ఈ ఉద్యోగంలో చేరింది. చదువు ఆగింది గానీ లెక్కల మీద మోజు తగ్గలేదు. టికెట్ చింపేటప్పుడల్లా దాని నంబరు ఏ ఎక్కంలో పోతుందో చూసుకునేది.

ఒక శుక్రవారం 510510 వచ్చింది. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు, ఈ ఏడింటితోనూ శేషం లేకుండా పోయింది. ఆ తర్వాతి టికెట్ పుంగనూరులో ఎక్కిన గ్లోరియాకు పడింది. ఆమె మిషన్ స్కూల్లో లెక్కల టీచరుగా రిటైరై, వారం వారం కుప్పంలో కూతురింటికి పోయి వస్తుండేది.

"టీచరమ్మా, మీ టికెట్ నంబరు ఏ ఎక్కంలోనూ పోదు," అంది ఆదిలక్ష్మి సంబరంగా.

"ఎట్ల జెప్తాండావు?"

"దీని ముందుది పదిహేడు దాకా అన్ని ప్రధాన సంఖ్యలతోనూ పోతాది. ఇది దానికి ఒకటి ఎక్కువ. దేంతో భాగించినా ఒకటి మిగల్తాది."

"ఆ ఏడింటితో మిగల్తాది, నిజమే. పందొమ్మిదితో సూసినావా?"

చూడలేదు. పలమనేరు దాటి రద్దీ తగ్గాక చిత్తు కాగితం మీద భాగించింది. 26869 సార్లు, శేషం సున్నా. ఆ 26869 మళ్లీ తొంభై ఏడు, రెండు వందల డెబ్బై ఏడుల లబ్ధంగా విడిపోయింది. ఆదిలక్ష్మి మొహం చిన్నబోయింది.

"సిగ్గు యాలమ్మా? నీ ఏడూ కాక ఇంకా ప్రధాన సంఖ్యలు ఉండాయని గదా ఈ నంబరు సెప్తాండేది. దీని తర్వాత ఏ ఎక్కంలోనూ పోనిది యాడుండాదో ఎతుకు," అంది గ్లోరియా.

రెండు రోజులు ఆలోచించాక ఆదిలక్ష్మికి ఒకటి తట్టింది. రెండు మొదలు పద్దెనిమిది వరకు ప్రతి సంఖ్యా ఆ ఏడింటిలో ఏదో ఒకదానితో పోతుంది; 510510 ఏడింటితోనూ పోతుంది గనుక, దానికి వాటిలో ఏది కలిపినా వచ్చే సంఖ్య కూడా పోయి తీరాలి. కాబట్టి మొదట పరీక్షించాల్సింది 510529. దాని వర్గమూలం ఏడు వందల పద్నాలుగు చిల్లర కాబట్టి, అది నిజంగా పోదని తేల్చాలంటే ఏడు వందల తొమ్మిది దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. కుప్పం బస్టాండులో టీ తాగే వేళ రోజుకు ఐదారు చొప్పున మూడు వారాలకు పైగా భాగించింది. ఒక్కదానితోనూ పోలేదు.

ఆ తర్వాత వచ్చిన శుక్రవారం ఆ భాగహారాల నోటుబుక్కు గ్లోరియా చేతిలో పెట్టింది. ఆమె పలమనేరు దాకా ఒక్కో లెక్కా సరిచూస్తూ పేజీలు తిప్పింది.

"మూడు వందల పదమూడు కాడ తప్పు పోయింది సూడు. పదహారు కాదు, ఇరవై ఆరు మిగలాల."

ఆదిలక్ష్మి మళ్లీ చేసింది. ఇరవై ఆరే.

"ఇంక నమ్మొచ్చు. నువ్వు డిగ్రీ పరీక్ష కట్టు తల్లీ. సందేహాలుంటే శుక్రవారం నేనుండాను," అంది గ్లోరియా.

ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో చేరి, 2004లో ఆదిలక్ష్మి బీఎస్సీ లెక్కలు పాసైంది. ఆ తర్వాతా అదే బస్సులో టికెట్లు కొట్టింది. డ్రైవర్లు ఆమెను లెక్కలమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరు ఆమెకు బాగా నచ్చింది.