రాహుకాలంలో లినక్స్

నా ల్యాప్‌టాప్ ఆన్ చేసి స్నానం చేసొచ్చినా తెర మీద చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. క్యాంపస్‌లో లైబ్రరీ మెట్ల మీద కూర్చుని నా గోడు వెళ్లబోసుకుంటే, కంప్యూటర్ సైన్స్‌లో పరిశోధన చేస్తున్న నా స్నేహితురాలు ఒక్క మాటలో తేల్చేసింది.

"దానికేం కాలే. విండోస్ తీసేసి లినక్స్ ఏస్తే మంచిగ నడుస్తది. ఆదివారం మీ ఇంటికొస్త. నీ పాటలు మాత్రం వేరేదాంట్ల కాపీ చేసి పెట్టుకో."

పాటలంటే నా థీసిస్. అనంతపురం దగ్గర అమ్మ పుట్టిన ఊళ్లో ఆడవాళ్లు వేరుశనగకాయలు ఒలుస్తూ పాడేవి. సగానికి పైగా పాడిన ఆవిడ, అమ్మకు అత్త వరస, పోయిన వేసవిలో చనిపోయింది. మళ్లీ వెళ్లి రికార్డు చేసుకుందామంటే కుదిరే పని కాదు. అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. తెరిచి, విని చూసుకున్నాను కూడా.

ఆదివారం సాయంత్రం ఆమె సీతాఫల్‌మండి నుంచి క్యాంపస్ మీదుగా నడిచి, తార్నాకలో మా ఇంటికి వచ్చింది. రెండు పెన్‌డ్రైవ్‌లలో రెండు రకాల లినక్స్‌లు తెచ్చింది. ఒకటి ఈ మధ్యే విడుదలైనది, రెండోది కాస్త పాతదైనా ఇంకా కొన్నేళ్లు అప్‌డేట్లు అందేది.

"పాత మెషీన్‌కు పాతదే మంచిగుంటది," అంది.

"పాతదానితో పడలేకే కదా నిన్ను పిలిచాను! కొత్తదే పెట్టు," అన్నాను. మొండితనంలో నాది అమ్మ పోలిక.

సరేనని కొత్తదే పెట్టింది. డిస్కులో ఉన్నదంతా తుడిచేసే బటన్ నొక్కబోతుండగా అమ్మ టీ గ్లాసులతో వచ్చింది.

"ఇప్పుడేం నొక్కాకండి. రాహుకాలం."

"ఇది గృహప్రవేశం కాదమ్మా!"

"ఏదైతేనేం పాపా? కొత్తది పెడ్తాండారు గదా. ఇన్నాళ్లూ లేని తొందర ఇప్పుడేంటికి? టీ తాగండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. స్నేహితురాలు మాత్రం నవ్వేసింది.

"ఆంటీ చెప్తున్నరు గద, ఆగరాదు. ఇన్‌స్టాల్ చెయ్యకుండ పెన్‌డ్రైవ్ మీదనే నడిపి చూడొచ్చు. అప్పటిదాంక నీ పాటలన్న వినిపియ్యి."

ఆమె కొత్త లినక్స్‌ను తన పెన్‌డ్రైవ్ నుంచే నడిపించింది. నేను పాటల పెన్‌డ్రైవ్ పెట్టాను. అందులో ఒకే ఒక్క చిన్న ఫైలు. ఎన్నిసార్లు నొక్కినా తెరుచుకోలేదు. ఆమె దగ్గరికి జరిగి చూసింది.

"ఏందే ఇది? షార్ట్‌కట్ కాపీ చేసినవ్. పాటలు గీడ లేనే లేవు."

నేను దాచుకున్నది పాటలున్న చోటికి దారి చూపే బొమ్మను మాత్రమే. ఆ రోజు ఇదే ల్యాప్‌టాప్‌లో, విండోస్‌లోనే తెరిచాను కాబట్టి లోపలున్న అసలు పాటలే వినిపించి, నన్ను నమ్మించాయి. ఇందాక ఆ బటన్ నొక్కి ఉంటే? అమ్మ మొహం చూడలేక టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

స్నేహితురాలు ల్యాప్‌టాప్ లోపలి డిస్కు తెరిచింది. పాటలన్నీ అక్కడే భద్రంగా ఉన్నాయి. వాటిని తన హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, ఈసారి అక్కడి నుంచే ఒకటి నొక్కింది. పాట నడుస్తున్నట్టు గీత జరుగుతోంది గానీ చప్పుడు లేదు.

"కొత్తదాంట్ల నీ మెషీన్‌కు సౌండ్ వస్తలేదు," అని దాన్ని ఆపేసి, పాత లినక్స్ పెట్టి మళ్లీ నొక్కింది.

ముందు శనగకాయలు పటపట చిట్లిన చప్పుడు. తర్వాత ఆ గొంతు. రెండు చరణాలు పాడి, మధ్యలో ఆపి నన్నే తగులుకుంది.

"ఊరికే కూసున్యావు గదా పాపా, ఆ పెట్టె పక్కన పెట్టి నువ్వూ నాలుగు కాయలు ఒలచరాదా?"

రికార్డింగ్‌లో ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. ఇక్కడ మేము ముగ్గురం కూడా.

"బాగా గడ్డి పెట్టినావత్తా! ఇంట్లో గూడా ఇది ఇంతే," అంది అమ్మ, ల్యాప్‌టాప్‌తోనే.

"పాతదే వేసెయ్యి," అన్నాను. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. అత్త మళ్లీ పాట ఎత్తుకుంది. ఆమె ఒక చరణం పాడి ఆగితే మిగతావాళ్లు అందుకోవాలి. వాళ్లకంటే ముందు మా అమ్మ అందుకుంది. ఎప్పుడడిగినా "పట్నమొచ్చినాక అన్నీ మర్సిపోయినా" అని తప్పించుకునే మా అమ్మ, చేతిలో ఖాళీ గ్లాసులతో, ఒక్క మాట తడబడకుండా పాడుతోంది. ఈ పాట కోసం నేను ఎన్నిసార్లు అనంతపురం రైలెక్కానో! అది మా వంటింట్లోనే ఉందని తెలిసి నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.