కాంతి నామ సంవత్సరంలో నా నిశాని

నా పరువు పోయిన కథ చెబుతాను, వినండి. అందరి పరువూ ఊళ్లో పోతుంది, లేదా సంతలో పోతుంది. నాది చుక్కల దగ్గర పోయింది. అంత దూరాన పోయినదాన్ని వెతుక్కుందామంటే బస్సు కూడా లేదు.

నాకు అక్షరాలు వచ్చింది యాభై అయిదేళ్లకు. అప్పటిదాకా ఎక్కడ కాగితం కనబడినా ఎడమ బొటనవేలు చాచేవాణ్ని. అందుకే బచ్చన్నపేటలో బండ్లు బాగుచేసే ఖాసిం నాకు ‘నిశాని మల్లయ్య’ అని పేరు పెట్టాడు. నిశాని అంటే వేలిముద్ర. పత్తి విత్తనాలకు పోయినా, పెళ్లి భోజనానికి పోయినా నాకంటే ముందు ఆ పేరే పోయి కూర్చునేది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, కొత్తగా చదువొచ్చినవాడు సిగ్గెరగడు. వాచకం అయిపోగానే పంచాంగం మీద పడ్డాను. ప్రభవ, విభవ, శుక్ల అంటూ అరవై సంవత్సరాల పేర్లూ నోటికి పట్టాను. సరిగ్గా అప్పుడే మిర్చి బజ్జీల కింది పేపరు ముక్కలో ఒక వార్త కనబడింది: ‘ఆ నక్షత్రం నాలుగు కాంతి సంవత్సరాల దూరంలో ఉంది.’ మిగతాది నూనెలో మునిగిపోయింది. మునగకపోయినా నేను ఆగేవాణ్ని కాదనుకోండి.

కాంతి సంవత్సరం! పంచాంగం తిరగేశాను. అరవైలో కాంతి లేదు. అచ్చేసినవాణ్ని తిట్టి, విభవకూ శుక్లకూ మధ్య పెన్నుతో నేనే ఇరికించాను. ఇక అరవై ఒక్క ఏళ్లకోసారి వచ్చే కాంతి నాలుగుసార్లు రావాలంటే రెండు వందల నలభై నాలుగేళ్లు. అబ్బో, దూరమే అనుకున్నాను.

ఆ నెలలోనే నర్మెట్ట గ్రంథాలయంలో, లేటుగా చదువు నేర్చిన పెద్దవాళ్లకు కథల పోటీ పెట్టారు. రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరవకూడదంటారు. నేను ఏకంగా రాకెట్‌లోనే తల పెట్టాను. కథ రాసి ముందు మా ఇంటామె లచ్చవ్వకు చదివి వినిపించాను.

“నర్మెట్టకు పోయి రానీకే నీకు పొద్దుగూకుతది. చుక్కల కాడికి అద్దగంటల పోయొచ్చినవా?”

“నేను కాదే, కథల భూమయ్య పోయిండు.”

“గా భూమయ్యనన్న వచ్చేటప్పుడు కూరగాయలు తెమ్మను.”

ఖాసిం అయితే పందెమే కాశాడు. “మల్లన్నా, బహుమతి గెలిచి, ఆళ్ల రిజిస్టర్ల సంతకం పెట్టి రా. గా దినం నుంచి నిన్ను మల్లయ్య సాబ్ అంట. లేకుంటే కాటికి పోయేదాక నువ్వు నిశానివే.” నా ఓటమి కళ్లారా చూడాలని దుకాణం మూసి మరీ నాతో బస్సెక్కాడు.

అక్కడ తీర్పరి ఒక సైన్సు మేడమ్. నేను గొంతు సవరించుకుని చదివాను: “కాంతి నామ సంవత్సర చైత్రమాసమున భూమయ్య బయల్దేరి, కాంతిని మించిన వేగముతో, కాంతి కంటే ముందే, అనగా విభవలోనే చుక్కను చేరెను.”

వెనక బెంచీ నుంచి ఖాసిం లేచాడు. “మల్లన్నా, జర ఆగు. బండి కాంతి కంటే, గదే ఎలుగు కంటే, తేజ్ ఉరుకుతున్నది గద. హెడ్‌లైట్ ఏస్తే ఎలుగు యాడ పడ్తది? బండి ఎనకనా?”

“గా బండికి హెడ్‌లైట్ లేదు.”

“లైట్ లేకుంట చుక్కల దాక తోలిండా? పోలీసోళ్లు పట్టలేదా?”

హాలంతా గొల్లున నవ్వింది. మేడమ్ నెమ్మదిగా అడిగింది. “పెద్దనాయినా, పెండ్లాం ఫోన్ల ‘తిన్నవా’ అంటే భూమయ్య ఎంటనే ‘తిన్న’ అన్నడని రాసిన్రు. ఆ మాట చుక్క కాడికి పోనీకే నాలుగేండ్లు పడ్తది.”

“మా ఊరి కంటే ఆడ సిగ్నల్ మంచిగున్నది మేడమ్.”

“మంచిగనే ఉండనీ. కానీ కాంతి సంవత్సరమంటే పంచాంగంల ఏడాది కాదు. ఎలుగు ఏడాదిల ఎంత దూరం పోతదో, గా దూరం.”

“సంవత్సరమని పేరు పెట్టి దూరమంటే ఎట్ల మేడమ్?”

“బచ్చన్నపేట ఎంత దూరమంటే మీరేమంటరు?”

“బస్సుల గంట.”

“గిది గూడ గట్లనే.”

కాళ్ల కింద భూమి జరిగింది. భూమయ్యతోపాటు నేనూ పోతే బాగుండుననిపించింది. కాగితాలు మడుస్తుంటే మేడమే మళ్లీ అంది. “అన్నీ తప్పులే గానీ ఒక్కటి ఒప్పు. ఎలుగును మించి పోతే, పోకముందే చేరినట్టు లెక్కొస్తది. గందుకే సైన్సోళ్లు అది కాని పని అంటరు. కథలు రాసేటోళ్లు గా చిక్కును దాసిపెడ్తరు. పెద్దనాయిన దాయలే, కాంతికి ముందటి విభవలనే చేరిండని రాసిన్రు. ప్రోత్సాహక బహుమతి ఇయ్యాలె!”

తెలియక చేసిన తప్పుకు స్టీలు టిఫిన్ డబ్బా! చప్పట్లు మోగాయి. ఖాసిం ముఖం ఆముదం తాగినట్టయింది. అయినా మాట మీద నిలబడేవాడే, లేచి నిలబడి “మల్లయ్య సా...” అని మొదలుపెట్టాడు.

బల్ల మీద రిజిస్టర్ తెరిచారు. ఒక పక్క పెన్ను. ఇంకో పక్క, గ్రంథాలయం ముద్ర కోసం పెట్టుకున్న నీలం ఇంకు ప్యాడు. ఆనందంలో నాకు ఒళ్లు తెలియలేదు. తెలిసేసరికి రిజిస్టర్‌లో నా పేరు పక్కన గుండ్రంగా, నీలంగా, గీతలన్నీ స్పష్టంగా నా ఎడమ బొటనవేలు!

ఖాసిం నోట్లో సగం ఆగిన మాటను మింగేసి, కడుపు పట్టుకుని నవ్వుతూ కూలబడ్డాడు. “నిశానీ! ఇగ కాటిదాక నిశానివే!”

లోకంలో వెలుగును మించి పోయేది ఏదీ లేదట. ఉంది మేడమ్, పాత అలవాటు. నేను బయల్దేరకముందే అది చేరింది.

అందుకే అరవై సంవత్సరాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పంచాంగంలో ఏడాదిని ఇరికించను. హెడ్‌లైట్ లేని బండిని ఆకాశానికి తోలను. ఇంకు ప్యాడు ఉన్న బల్ల దగ్గరికి ఎడమ చేయి జేబులో పెట్టుకునే పోతాను. ఈ మాట కింద నా చేతితో సంతకం పెట్టాను, చూసుకోండి. దాని పక్కన నీలం మరక ఏదైనా కనబడితే మాత్రం పట్టించుకోకండి.