కిటికీ దూకి చూసిన బాలి

ఈ ఉదయం కూరగాయలకని బయలుదేరితే మా గల్లీ చివర, మూడు దారులు కలిసే చోట, ఎవరో విస్తరాకులో అన్నం, కోసిన నిమ్మకాయ, కుంకుమ, ఆరిపోయిన అగరుబత్తి పెట్టి వెళ్లారు. దిష్టి తీసి పారేసినవి. మరాఠీలో ఉతారా అంటారు. మా నాందేడ్‌లో ఎంత చదువుకున్నవాళ్లకైనా దాన్ని చూస్తే కాళ్లు వాటంతటవే పక్కకు తిరుగుతాయి. ఒక ఆటో అయితే దానికోసం మోరీ అంచుదాకా వెళ్లి మరీ తిరిగింది. నేను మాత్రం అక్కడే నిలబడి నవ్వడం మొదలుపెట్టాను. ఎదురింటావిడ గేటులోంచి తొంగిచూసి, "ఏమైందక్కా, పానం మంచిగనే ఉన్నదా?" అని అడిగింది. మంచిగనే ఉందని చెప్పి నడిచాను గానీ, బజారులో కొత్తిమీర కట్ట చేతిలో పట్టుకుని కూడా నవ్వుతూనే ఉన్నాను. నా నవ్వుకు కారణం తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ భోకర్‌లో ఉంటుంది.

చిన్ననాటి స్నేహితురాలు. జిల్లా పరిషత్ బడిలో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైంది. దయ్యాలు లేవు, దిష్టి లేదు, పిల్లి ఎదురొస్తే పిల్లికేదో పని ఉందని అర్థం అని ఎంతమంది పిల్లలకు నూరిపోసిందో లెక్క లేదు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "యాది మర్చిన" అంటుంది. నేనేమో పెళ్లి చేసుకుని, బట్టల దుకాణం నడిపే ఇంటికి కోడలినై వచ్చి, భర్త పోయాక ఆ దుకాణం గల్లా దగ్గర కూర్చున్న మనిషిని. గల్లా దగ్గర నా మాటకు ఎదురు లేదు. ఇంట్లో మాత్రం బొట్టు తీసేశాను, పూలు మానేశాను, పేరంటాల్లో వెనక్కి జరిగాను. ఎవరూ కొట్టి చెప్పలేదు. అందరూ మెత్తగా చెప్పారు, అదే పెద్ద తంటా.

ఆయన పోయిన నాలుగేళ్లకు మా అమ్మాయికి సంబంధం కుదిరాక నాయ్‌గావ్ నుంచి వదిన వచ్చింది. వదినంటే మా ఆయనకు అక్క, ఆ ఇంట్లో శుభకార్యాలన్నీ ఆవిడ చేతి మీదుగానే జరగాలి. అమ్మాయి ఎదురుగానే అంది: "నలుగు మొదలు నేను పెడత. నువ్వు లోపటి అర్రల కూసో. పిల్ల మంచికే చెప్తున్న." అమ్మాయి నా వైపు చూసింది. నేను తల ఊపాను. అలా ఊపినందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే. కన్నదాన్ని నేను, నా పిల్ల ఒంటికి పసుపు రాయడానికి నా చెయ్యి పనికిరాదట!

ఈ సంగతి స్నేహితురాలికి ఫోన్లో చెప్పాను. "పెండ్లికి ఇంక రెండు నెల్లున్నది గదా. బాలి పోదాం రా" అంది. ఎందుకే అన్నాను. "ఈడనే ఉంటె నువ్వు తల ఊపుకుంటనే ఉంటవ్" అంది.

వదినకు తెలిసి, "పెండ్లి ముంగట పెట్టుకొని, మొగదిక్కు లేకుంట ఇద్దరు ఆడోళ్లు షికారు పోతరా?" అని అడిగింది. "ఔ వదినా, షికారుకే" అన్నాను. ఆవిడకు నేనిచ్చిన మొదటి ఎదురు జవాబు అదే. చెప్పి వెంటనే వంటింట్లోకి జారుకున్నాను, అది వేరే సంగతి.

మొత్తానికి నాందేడ్ నుంచి బయలుదేరిన ఒక యాత్రా బృందంలో చేరి బాలిలో దిగాం. తోటలో వరసగా చిన్న చిన్న గదులున్న హోటలు. మొదటి పొద్దున బస్సు ఎక్కడానికి నేను తలుపు తీసి, కాలు గాల్లోనే ఆపేశాను. గడప ముందు, సరిగ్గా మధ్యలో, లేత కొబ్బరాకుతో అల్లిన చిన్న బుట్ట. అందులో రంగురంగుల పూలరేకులు, నాలుగు అన్నం మెతుకులు, ఒక బిస్కెట్టు, పక్కన పొగలు కక్కుతున్న అగరుబత్తి. వెనక నుంచి సైన్సు టీచరు చూసి నా జబ్బ పట్టి లోపలికి లాగింది. "తొక్కకే! ఎవ్వలో ఉతారా పెట్టిండ్రు." నీకు నమ్మకం లేదు కదా అన్నాను. "నమ్మకం లేకున్నా తొక్కుడెందుకు?" అంది. అది శాస్త్రీయంగానే వినిపించింది.

పక్క నుంచి దాటుదామంటే మెట్టు ఇరుకు. బస్సేమో హారన్ కొడుతోంది. చివరికి వెనక కిటికీ తెరిచాం. అరవైకి దగ్గర పడుతున్న ఇద్దరు ఆడవాళ్లు, కుచ్చిళ్లు నడుముకు దోపుకుని, ఒకరినొకరు తోసుకుంటూ తోటలోకి దిగబోయాం. నేను దిగాను, ఆవిడ చీర కిటికీ గొళ్లేనికి తట్టుకుని సగం లోపల, సగం బయట ఉండిపోయింది. గదులు ఊడ్చే అమ్మాయి చీపురు పట్టుకుని మమ్మల్నే చూస్తోంది. ఆ అమ్మాయే వచ్చి చీర విడిపించింది. అప్పటికి బస్సు వెళ్లిపోయింది.

బయటికి వచ్చి చూస్తే ప్రతి గడప ముందూ అదే బుట్ట, ప్రతి దుకాణం ముందూ, ఆగిన స్కూటర్ మీద కూడా. "ఊరు ఊరంత దిష్టి తాకిందా ఏందే?" అంది నా స్నేహితురాలు, గొంతు తగ్గించి. వెనకే వచ్చిన చీపురు అమ్మాయి, వచ్చిన కాస్త ఇంగ్లీషులో, చేతులు జోడించి చూపిస్తూ చెప్పింది. అవి రోజూ దేవుళ్లకు పెట్టే నైవేద్యాలట. మేం దణ్ణం పెట్టాల్సినదానికి భయపడి కిటికీ దూకాం! స్నేహితురాలు కళ్లద్దాలు తుడుచుకుంటూ, "భోకర్‌ల ఎవ్వలకన్న చెప్తివో సూడు" అని బెదిరించింది. ఇన్నాళ్లూ చెప్పలేదు, ఇప్పుడు రాసేస్తున్నాను.

బస్సు పోవడమే మా అదృష్టం. ఆ రోజు మేం ఎవరి వెనకా నడవలేదు. అరుగు మీద కూర్చుని వేడివేడి అరటిపండు బజ్జీలు తిన్నాం. సముద్రంలో మోకాళ్లదాకా దిగి చీరలు తడుపుకున్నాం. ఒక గుడి దగ్గర కోతి ఆవిడ కళ్లద్దాలు లాక్కుపోతే, ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టె చూపించి బేరమాడింది. కోతి రొట్టె వాసన చూసి విసిరికొట్టింది, కళ్లద్దాలు కూడా విసిరికొట్టింది. "గింత అవమానం నా సర్వీసుల కాలే" అని ఏరుకుంది. సాయంత్రం బృందం పెద్దమనిషి, చెప్పకుండా ఎక్కడికి పోయారని మరాఠీలో గద్దించాడు. మేం బడిపిల్లలం కాదని స్నేహితురాలు అదే మరాఠీలో, ఇంకా గట్టిగా చెప్పింది.

మూడో రోజు బృందంతో కలిసి ఒక పల్లెకు వెళ్లాం. అక్కడ ఒక ఇంటి గుడిలో పండుగ. ఆ ఇంటి ముసలావిడ లోపలికి రమ్మని అందరినీ కూర్చోబెట్టి, నీళ్లు చల్లి, నుదుట తడి బియ్యం అద్ది, చెవి మీద దేవగన్నేరు పువ్వు పెడుతూ వస్తోంది. నా దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే అడ్డం లేచింది. వెనక మా ఊరివాళ్లున్నారు, ఫోన్లు పట్టుకుని. స్నేహితురాలు గైడుతో, దీనికి భర్త లేడని చెప్పించింది. ముసలావిడ విని, తన గుండె మీద వేలు పెట్టుకుని, లేడన్నట్టు చెయ్యి ఊపింది. ఆవిడకూ లేడు! ఆవిడ కొప్పులో మాత్రం పువ్వుంది, నుదుట బియ్యం ఉంది. ఇంకేమీ అడగకుండా నా చెయ్యి పక్కకు తోసి, నుదుట బియ్యం గట్టిగా అద్ది, చెవి మీద పువ్వు పెట్టింది. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. నాలుగేళ్లలో నా నుదుటిని మరో మనిషి వేలు తాకడం అదే మొదలు.

హోటలుకు చేరేలోపే ఫొటో నాయ్‌గావ్ చేరింది. వదిన ఫోను చేసింది. "గా పువ్వేంది?"

"పువ్వే వదినా."

"తీసెయ్."

"తియ్య" అన్నాను. ఈసారి ఫోను నేనే పెట్టేశాను.

ఇంటికొచ్చాక ఆ మాట ఎవరమూ ఎత్తలేదు. నలుగు రోజు వచ్చింది. అమ్మాయి పీట మీద కూర్చుంది, ముత్తైదువలు చుట్టూ చేరి పాట ఎత్తుకున్నారు, వదిన పసుపు గిన్నె తీసుకుంది. నేను లోపలి గదిలోంచి లేచి వచ్చి చెయ్యి చాచాను. "గిన్నె ఇటియ్యి వదినా." పాట ఆగిపోయింది. "పిల్లకు మంచిగాదే" అంది వదిన. కోపంగా కాదు, నిజంగానే భయపడుతూ. "పిల్లనే అడుగు" అన్నాను. అమ్మాయి పీట మీద నుంచే నా వైపు తిరిగి, కళ్లు మూసుకుని, ముఖం ముందుకు పెట్టింది. వదిన చేతిలోంచి గిన్నె తీసుకుని రెండు చేతులా రాశాను, చెంపలకు, మెడకు, పాదాలకు, కావాలనే తొందర పడకుండా రాశాను.

పెళ్లయ్యేదాకా వదిన నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పటికీ అంతంతమాత్రమే. అమ్మాయి కాపురం చల్లగా ఉంది. లేకపోయినా నా చెయ్యి చేసిన పాపమని ఒప్పుకునేదాన్ని కాదు. తల ఊపుతూ గడిపిన ఆ నాలుగేళ్లు ఇక నాకు తిరిగి రావు. మిగిలినవి ఎన్నో తెలియదు గానీ, వాటిలో ఒక్క పూట కూడా ఎవరి చేతికీ ఇవ్వను.